నదినే దారి చేయదలచిన కాటన్

ఖమ్మం నుండి తూర్పుముఖంగా బయలుదేరిన బాటసారికి వైరా దాటిన తరువాత తల్లాడ వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక దారి కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా రాజమహేంద్రవరం వైపు సాగుతుంది. రెండవది ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి, అక్కడినుండి నది వెంబడి ఎగువకు దుమ్ముగూడెం పోతుంది. రెండు దారులూ చివరకు గోదావరి ఒడ్డుననే తేలుతవి. మొదటి దారి చివర ధవళేశ్వరం ఆనకట్ట ఉన్నది. రెండవ దారి చివర దుమ్ముగూడెం ఆనకట్ట ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ చరిత్ర తెలుసుకొనగోరిన వారందరూ మొదటి దారినే పోతారు. మన పాఠ్యపుస్తకాలు కూడ పిల్లలను ఆ దారినే తీసుకొనిపోతవి. అక్కడ విజయమున్నది, విగ్రహాలున్నవి, పచ్చని చేలున్నవి. రెండవ దారి చివర ఉన్నది ఆయన కోరిక నెరవేరని చోటు. అయినను ఆ కోరిక ఏమిటో తెలియనిదే కాటన్ అంటే ఎవరో పూర్తిగా తెలియదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరం మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించినాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు అతడు పదవ కుమారుడు. పెద్ద సంసారాలలో చిన్నకొడుకులకు ఆస్తి రాదు. తమ దారిని తామే చూచుకొనవలసి ఉంటుంది. పదిహేనవ ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించినాడు. 1821లో మద్రాసు రేవున దిగేనాటికి పద్దెనిమిదేండ్ల యువకుడు.

ఆయనకు తొలిదినాలలోనే అప్పగించిన పనులలో పాంబను జలసంధిని కొలిచే పని ఒకటి. రామేశ్వరానికీ ప్రధాన భూభాగానికీ నడుమ రాళ్లచేత మూసుకొనిపోయిన ఆ సందులోనుండి ఓడలు పోగల దారి తీయవచ్చునా అన్నది ప్రశ్న. నీటిలో దాగిన రాతిని తొలగించి పడవకు దారి తీయుటమనే ఈ ఆలోచన ఆ పడుచుతనంలో ఆయన మనస్సున పాతుకొన్నది. నలుబదియేండ్ల తరువాత దుమ్ముగూడెంలో ఆయన శిష్యులు తలపడినది ఇట్టి పనితోనే.

మొదటి బర్మా యుద్ధంలో పనిచేసి తిరిగివచ్చిన తరువాత, 1828లో కావేరీ మండలపు నీటిపారుదల పనులు ఆయనకు అప్పగించబడినవి. కొల్లడం నదిపై ఆయన కట్టించిన ఆనకట్టలు 1836 ప్రాంతాన పూర్తియై తంజావూరు పొలాలను బ్రతికించినవి. అయితే ఆ నదీతీరంలో ఆయన నేర్పినదానికంటె నేర్చుకొన్నది ఎక్కువ. కరికాల చోళుని పేర ప్రసిద్ధమైన కల్లణ, అడుగున బండ తగలని వట్టి ఇసుకమీద శతాబ్దాలుగా నిలిచి ఉన్నది. చదువుకొన్న ఇంజనీర్లు ఇసుకలో పునాది నిలువదని అనుకొనే కాలంలో, పేరైనా తెలియని మన పాతకాలపు పనివారు దానిని చేసి చూపినారు. ఆ విద్య తనకు వారినుండే వచ్చినదని కాటన్ దాచుకొనలేదు. ఆయనయందు గౌరవించదగిన గుణాలలో ఇది మొదటిది.

ఇదే కాలంలో మరొక చిత్రం జరిగినది. మద్రాసు సమీపాన రెడ్‌హిల్స్ నుండి రోడ్లకు రాయి తెచ్చేందుకు 1837లో ఒక చిన్న ఇనుపదారి నడిచినది. భారతదేశంలో అదే మొట్టమొదటి రైలుదారి అని చరిత్రకారులు చెప్పుతారు. దానిని వేయించినవాడు కాటనే. జీవితపు ఉత్తరార్ధమంతయు రైళ్లతో పోరాడినవాడు ఈ దేశానికి రైలును చూపినవాడే కావడం విధి విలాసం.

అనారోగ్యం ఆయనను వెంటాడినది. సెలవుపై ఆస్ట్రేలియా ఖండానికి దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపానికి పోయి, 1841లో అక్కడనే ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడినాడు. తిరిగివచ్చిన పిమ్మట విశాఖపట్నంలో కొంతకాలం సముద్రపు కోతను అరికట్టే పనులు చూచినాడు. అక్కడినుండియే ఆయన దృష్టి గోదావరి మీదికి మరలినది.

అప్పటి గోదావరి మండలం నేటి కోనసీమను ఎరిగినవారు ఊహించలేని స్థితిలో ఉండెను. 1833 నాటి కరవు గుంటూరు సీమలో ఊళ్లను ఖాళీ చేసినది. గోదావరి సీమలో ఒక ఏడు వరద ఊరు ముంచును. మరొక ఏడు వాన లేక పైరు మాడును. ఊరి ప్రక్కన అంత నది పారుచుండగా ప్రజలు తిండిలేక వలసపోవుచుండిరి. కాటన్ నదీతీరాన్ని పరిశీలించి 1844లోను, 1845లోను ప్రభుత్వానికి నివేదికలు పంపినాడు. 1846లో అనుమతి లభించినది. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా, నడుమ లంకలను కలుపుకొంటూ ఆ ఆనకట్ట లేచినది. వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కూలీలను కూడగట్టుటలోను, పని నడిపించుటలోను ఆయనకు కుడిభుజమైనాడు. కాలక్రమాన ఆ కాలువలక్రింద దాదాపు పది లక్షల ఎకరాలు సాగులోనికి వచ్చినవి.

ఇంతవరకు మన పిల్లలు చదువుకొన్నదే. కాటన్ ఆ కాలువలను పొలాలకు నీరు పారించేందుకు మాత్రమే త్రవ్వించలేదన్నది అంతగా ప్రచారంలోనికి రాని సంగతి. పెద్ద కాలువలన్నీ పడవలు పోవుటకు తగిన లోతుతో, లాకులతో కట్టబడినవి. గట్టుమీద మనుష్యులు తాడు భుజాన వేసుకొని నడుస్తూ పడవలను లాగేవారు. ధాన్యం, ఉప్పు, కొబ్బరి, పెండ్లివారు, విద్యార్థులు — అందరికీ, అన్నిటికీ కాలువయే రాజమార్గం. బండి మోసినదానికి అనేక రెట్లు పడవ మోస్తుంది. దాని ఖర్చు స్వల్పం. ఈ లెక్క కాటన్‌కు మతవిశ్వాసం వంటిదైనది. 1854లో ఆయన ప్రకటించిన గ్రంథంలోను, తరువాతి వ్రాతలన్నిటిలోను ఈ దేశానికి కావలసినది చౌకైన నీటిదారి అనే వాదమే కనిపిస్తుంది. కాలువను కాలువతో, నదిని నదితో కలిపి ఒకనాటికి దేశమంతటా పడవ నడిపించవచ్చునని ఆయన ఆశ.

అట్టివాడు ధవళేశ్వరం గట్టుమీద నిలిచి దిగువకు మాత్రమే చూచి తృప్తిపడగలడా? ఎగువకు చూచినాడు. ఎగువన, అడవులకు ఆవల, నాగపూరు బీరారు దేశాలున్నవి. అక్కడి నల్లరేగడి నేలలు ప్రత్తికి ప్రసిద్ధి. ఆ ప్రత్తి ఎద్దులమీదను, బండ్లమీదను నెలల తరబడి నడిచి సముద్రం చేరవలసి ఉండెను. గోదావరియు, దానిలో కలిసే ప్రాణహిత, వార్ధా నదులును ఆ ప్రత్తిచేల అంచులనుండి తిన్నగా తూర్పు సముద్రానికి దిగివస్తున్నవి. దారి ప్రకృతి వేసియే ఉంచినది. దానిలో ఉన్న అడ్డంకులు తొలగిస్తే చాలునని ఆయన తలంపు.

ఎగువ నదిని పరీక్షించే భారం ఫ్రెడరిక్ థామస్ హేగ్ అనే యువ ఇంజనీరు మీద పడినది. కోనసీమలో వైనతేయ పాయ మీదుగా నలుబదితొమ్మిది కమానులతో గన్నవరం అక్విడక్టును కొద్దినెలలలో కట్టి చూపినవాడు ఆయనే. నదీయానానికి గోదావరి ఎంతవరకు అనుకూలమో తెలిపే ఆయన నివేదిక 1856లో వెలువడినది.

ఆ దారి ఎట్టిదో ఒకసారి మనస్సున ఊహించుకొనవలెను. రాజమహేంద్రవరం దగ్గర సముద్రమువలె వెడల్పుగా ఉన్న నది పోలవరం దాటగానే కొండలలో దూరుతుంది. పాపికొండల నడుమ కొన్నిచోట్ల రెండువందల గజాలకు ఇరుకై, అడుగు అందనంత లోతై, సుడులు తిరుగుతూ వస్తుంది. ఎంతటి సరంగుకైనా ఇక్కడ గడ పనికిరాదు. కొండలు వెనుకబడిన తరువాత కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆపైన భద్రాచలం. రామదాసు గుడి కట్టించిననాటినుండి తెలుగు దేశమంతట ఎరిగిన ఊరే అయినను, చుట్టూ కోయలు, కొండరెడ్లు నివసించే అడవులే. అంతవరకు వర్షకాలంలో పడవకు ఆటంకం లేదు. మరికొంత ఎగువన, పర్ణశాలకు సమీపాన, దుమ్ముగూడెం దగ్గర నది అడుగంతయు బండరాయి. నీరు ఆ బండలమీద చీలిపోయి ఉరుకుతుంది. ఇది మొదటి అడ్డంకి. రెండవది ఇచ్చంపల్లి దగ్గర. కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోనికి తిరిగి పైకి పోతే దేవలమర్రి దగ్గర మూడవది.

రాళ్లకంటె కఠినమైనది కాలం. వానకాలంలో ఈ నది ఎంత ఎత్తు లేచునో చెప్పుటకు ఒక్క ఉదాహరణ చాలును: 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటినది. వేసవిలో అదే నది ఇసుకతిన్నెల మధ్య సన్నని పాయలుగా పారుతుంది. కనుక ఈ దారిని పథకం వేసేవాడు వరద తగ్గినప్పటినుండి నీరు ఇంకిపోయేలోగా ఉన్న కొద్దినెలలను చేతిలో పెట్టుకొని లెక్క కట్టవలెను. పడవ ఎంత లోతు మునుగును, ఎగువకు పోవునప్పుడు ఏటికి ఎదురీదే బలమెంత, అడ్డంకి దగ్గర సరకు దింపి బండ్లమీద మోసి మరల ఎక్కించుటకు ఎన్ని దినాలు, ఊరు లేనిచోట పనివారికి బియ్యం ఎక్కడినుండి — ఇవి అన్నియు అందులో ఉన్నవి. కాటన్ పథకంలో సమాధానం స్పష్టంగా ఉన్నది. బండలున్నచోట ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచవలెను. ప్రక్కన కాలువ త్రవ్వి లాకులు పెట్టవలెను. పడవ మెట్లెక్కినట్లు అడ్డంకిని ఎక్కి దాటిపోవలెను.

ఇక రాజ్యాల చిక్కు ఒకటి. ఆ నది రెండు ఒడ్డులూ నిజాము ప్రభుత్వానివి. 1860 నాటి ఒడంబడికలో భద్రాచలం, రేకపల్లి మొదలుకొని సిరొంచ వరకు ఎడమగట్టు తాలూకాలను నిజాము ఇంగ్లీషువారికి అప్పగించినాడు. నదిమీద సుంకం లేని రాకపోకలకు కూడ సమ్మతించినాడు. ఒక జలమార్గపు ఆలోచన సరిహద్దులనే మార్చినదన్నమాట. ఆనాడు గట్టుకొకటిగా విడిపోయిన భద్రాచలం, పాల్వంచలు మరల ఒక్క జిల్లా క్రిందికి వచ్చినది 1959లో, భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపిన తరువాత. చరిత్ర ఉపాధ్యాయులు పటం ముందుంచుకొని చెప్పదగిన పాఠమిది.

ఆ వెనువెంటనే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చినది. 1861 నుండి 1865 వరకు అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరలేదు. మన దేశపు ప్రత్తికి ఎన్నడూ లేని గిరాకి ఏర్పడి, గోదావరి పథకానికి ఊపు వచ్చినది. మధ్యరాష్ట్రాల చీఫ్ కమిషనరు రిచర్డ్ టెంపుల్ దానిని బలపరిచినాడు. హేగ్ నాయకత్వాన దుమ్ముగూడెం అడవిలో సుత్తుల చప్పుడు మ్రోగినది.

కాటన్ మాత్రం అప్పటికి అక్కడ లేడు. 1860లో ఉద్యోగం విడిచి స్వదేశం చేరినాడు. 1861లో సర్ బిరుదు పొందినాడు. తన జీవితంలో కడపటి పెద్ద పథకాన్ని ఆయన దూరాననుండి, ఉత్తరాలలోను, ఉపన్యాసాలలోను మాత్రమే నడిపించవలసి వచ్చినది. ధవళేశ్వరంలో ప్రతి ఉదయం పని మధ్య నిలిచినవాడు దుమ్ముగూడెంలో లేకపోవడం ఫలితంపై కొంత ప్రభావం చూపియే ఉండును.

ధవళేశ్వరంలో శత్రువు ఇసుక. దానిని జయించే విద్య కావేరి నేర్పినది. దుమ్ముగూడెంలో రాయి శత్రువు కాదు. రాయి నిజానికి పునాదికి మేలు చేసినది. అక్కడి శత్రువు జ్వరం. వానలు వెలిసి, నీరు దిగి, పనికి అనువైన దినాలు రాగానే అడవిజ్వరం విజృంభించేది. డెల్టా ఊళ్లనుండి వచ్చిన కూలీలు పడకలెక్కేవారు. బ్రతికినవారు పని విడిచి ఇంటిదారి పట్టేవారు. ఆ జ్వరానికి దోమ కారణమని లోకానికి తెలియుట 1897లో, రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో పరిశోధన చేసిన నాడు. దుమ్ముగూడెంలో పనిచేసినవారికి తమను చంపుతున్నదేమిటో తెలియదు, చెడుగాలి అనుకొన్నారు. కాటన్ వ్రాతలలో నీటి లెక్క, రాతి లెక్క, రూపాయి లెక్క ఉన్నంత సూక్ష్మంగా ఈ జ్వరపు లెక్క లేదు. ఆయన విమర్శకులు ఆయనను అత్యాశాపరుడన్నారు. ఆ మాటలో కొంత ద్వేషమున్నను, ఈ ఒక్క విషయంలో వారిని తప్పుపట్టుట కష్టం.

అంతలో బొంబాయినుండి బయలుదేరిన రైలు 1867లో నాగపూరు చేరినది. ఏ ప్రత్తికొరకు నదిని దారి చేయదలచినారో ఆ ప్రత్తి ఇక రైలెక్కి పడమటి సముద్రానికి పోజొచ్చినది. అమెరికా యుద్ధం ముగిసి ధరలు కూడ పడిపోయినవి. రైలు ఏడాది పొడుగునా నడుస్తుంది. నది కొన్ని నెలలే నడిపిస్తుంది. ఏటికేడు డబ్బు అడిగే పథకాన్ని మోయుటకు ప్రభుత్వం విసిగిపోయినది. 1871లో పనులు నిలిపివేయవలసినదని ఉత్తరువు వచ్చినది. అప్పటికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు రూపొందినవి. పై అడ్డంకుల దగ్గర పని అసంపూర్తిగా మిగిలిపోయినది. మూడు మెట్ల దారిలో ఒక మెట్టు మాత్రం కట్టి విడిచిపెట్టినట్లయినది.

తుంగభద్రమీద సుంకేసుల నుండి కడప వరకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కాలువయు ఇట్లే కాటన్ ఆశలకు దెబ్బతీసినది. నీరు పారినను, అనుకొన్న రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కొన్నది. ఈ రెండు ఉదాహరణలూ ప్రతిపక్షులకు ఆయుధాలైనవి. 1878లో ఇంగ్లండు పార్లమెంటు ఉపసంఘం ముందు నిలిచి, డెబ్బదియైదేండ్ల కాటన్ తన వాదం మరల వినిపించినాడు. 1876లో ఆరంభమైన మహాకరవు దక్షిణదేశాన లక్షలమందిని పొట్టనబెట్టుకొన్న వెంటనే జరిగిన విచారణ అది. రైళ్లు ఉన్నచోట్లకూడ మనుష్యులు ఆకలితో చచ్చినారు. కాలువలున్న గోదావరి డెల్టా నిలిచినది. ఆయన చెప్పదలచినది ఇదే. ఉపసంఘం ఆయన పక్షాన తీర్పు చెప్పలేదు. రైళ్లలో పెట్టుబడి పెట్టినవారి బలం అప్పటికే అంతటిది.

తరువాత ఆయన డార్కింగు అనే ఊరిలో స్థిరపడి, ఇంటి పెరటిలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ కాలం గడిపినాడు. నదులు చేతికి అందని వయస్సులో పెరటి మట్టితోనైనా పని కల్పించుకొన్నాడు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారవ ఏట కన్నుమూసినాడు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రకటించినది.

గోదావరిమీద పడవ మాత్రం ఆయనతో పోలేదు. రాజమహేంద్రవరం నుండి భద్రాచలానికి యాత్రికులు చాలకాలం లాంచీలలోనే పాపికొండల మీదుగా పోయినారు. ఎగువ అడవుల కలప తెప్పలై ఏటి వాలున దిగివచ్చేది. 1965లో భద్రాచలం దగ్గర వంతెన వచ్చిన తరువాత, తల్లాడ వైపునుండి పోయే బాటసారికి రేవు దగ్గర పడవకొరకు కాచుకొనే పని తప్పినది. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానాన కట్టిన బ్యారేజి 1982 నాటికి పూర్తియై కాటన్ పేరనే నిలిచినది.

దుమ్ముగూడెం ఆనకట్టకు ఆ భాగ్యం లేదు. పర్ణశాలకు పోయే యాత్రికులలో దానిని చూడవలెనని ఆగేవారు కొద్దిమంది. ఒక నూరేండ్లకు పైగా అది దాటించవలసిన పడవలు లేక, ఊరక నీటిని నిలిపి ఉంచినది. ఆ నిలిచిన నీరే సీతారామ ఎత్తిపోతల పథకానికి ఆధారమైనది. 2016లో ఆ పథకానికి శంకుస్థాపన జరిగినది. 2024లో పంపులు నడిచినవి. దుమ్ముగూడెం దగ్గరి గోదావరి జలాన్ని సాగరు ఎడమ కాలువతో కలిపేందుకు త్రవ్విన అనుసంధాన కాలువ ఏన్కూరు దగ్గరకు వస్తుంది. తల్లాడ కూడలిలో రెండవ దారి పట్టినవారికి మొదట తగిలే ఊళ్లలో ఏన్కూరు ఒకటి.